రెన్వార్ ‘లే బా ఫాఁ’ (1936): ఇది పేదల సినిమానా, గడ్డిలో పడుకున్న బేరన్ సినిమానా?

పాతరీళ్ళు
శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఒక థ్రెడ్ మొదలుపెడుతున్నాను, అదీ కాస్త చిరాకుతో.

జాఁ రెన్వార్ తీసిన ‘లే బా ఫాఁ’ ఇప్పుడే చూసి ముగించాను. 1936 డిసెంబర్‌లో విడుదలైన ఫ్రెంచి సినిమా. పేరుకి అర్థం ‘అట్టడుగు’ అని. గోర్కీ 1902లో రాసిన నాటకం దీనికి మూలం. డిగ్రీలో ఉండగా మా ఊరికి పుస్తకాల వ్యాను వచ్చేది. నల్ల అట్ట మాస్కో ప్రతి ఒకటి, ఇంగ్లీషుది, అందులో కొని ఈ నాటకం చదివాను. సగం అర్థం కాలేదు కానీ ఆ నేలమాళిగ మాత్రం ముప్పై ఏళ్ళయినా కళ్ళ ముందే ఉంది. దగ్గుతూ చచ్చిపోతున్న ఆడమనిషి పక్కన పేకాడుకుంటూ ఉంటారు. అదీ నాకు తెలిసిన ‘అట్టడుగు’.

సినిమాలో ఏముంది? పెపెల్ అనే దొంగ (జాఁ గాబాఁ). జూదంలో అంతా పోగొట్టుకున్న బేరన్, అంటే ఒక దొర (లూయీ జువే). వీళ్ళిద్దరి స్నేహం. బేరన్ ఆస్తి పోయి సత్రానికి వచ్చి, హాయిగా నది ఒడ్డున గడ్డిలో పడుకుని, వేలి మీద నత్తని పాకించుకుంటూ కబుర్లు చెప్తాడు! దరిద్రం అంటే పిక్నిక్కా? చివర్లో హీరో హీరోయిన్ చేతులు పట్టుకుని రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళిపోతారు.

రెన్వార్ అంటే నాకు గౌరవమే. కానీ ఇక్కడ పేదరికాన్ని దగ్గరగా చూసినవాడి సినిమా కనబడలేదు. తప్పయితే తిట్టండి.

నిద్రలేమి
ఆదివారం, ఉదయం 6:15

తిట్టను గానీ, ఇది పెట్టి పడుకోబోతున్న నా నిద్ర చెడగొట్టారు. మా వైపు ఇప్పుడు రాత్రి. రేపు రాస్తాను వివరంగా. ఒక్క మాట: ఆ గడ్డిని మీరు 1936 గడ్డిగా చూడాలి.

మోడరేటర్
ఆదివారం, ఉదయం 8:30

కథ చివరిదాకా చెప్పేటప్పుడు ముందు హెచ్చరిక పెట్టండి దయచేసి.

కత్తెరపని
ఆదివారం, ఉదయం 8:41

తొంభై ఏళ్ళ సినిమాకి హెచ్చరిక ఏంటి మాస్టారూ! సరే, ఇదిగో: హెచ్చరిక. కింద అంతా చెప్పేస్తాం.

పాతరీళ్ళు గారూ, మీరు మొదటి సీన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర బతికేవాడిని కాబట్టి అక్కడే ఆగిపోయాను.

బేరన్ నిటారుగా నిలబడి ఉంటాడు. ఎవరో పెద్ద అధికారి చీవాట్లు పెడుతున్నాడు, ప్రభుత్వ సొమ్ము వాడేసుకున్నందుకు. మనకి ఆ అధికారి కనపడడు. గొంతే వినబడుతుంది. ఆయన గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, కెమెరా ఆయన కళ్ళతో బేరన్‌ని చూస్తూ అటూ ఇటూ జరుగుతుంది. చాలాసేపటికి గానీ అద్దంలో ఆ పెద్దాయన కనపడడు. జువే మొహం చూడండి ఆ సేపంతా. ఒక్క కండరం కదలదు. తిట్లు పడుతున్నది తనకి కాదు, తను వేసుకున్న బట్టలకి అన్నట్టు నిలబడతాడు.

మామూలు దర్శకుడైతే ఆయన మీద ఒక షాట్, ఈయన మీద ఒక షాట్ తీసి నా బోటివాడి మొహాన పడేస్తాడు, కత్తిరించుకోమని. ఇక్కడ కత్తిరించడానికి ఏమీ లేదు. సినిమా మొత్తం ఈ షాట్‌లోనే ఉంది అంటే ఎక్కువ చెప్పినట్టవుతుందేమో గానీ, బేరన్ తర్వాత గడ్డిలో చెప్పే మాటకి విత్తనం ఇక్కడే పడింది. జీవితమంతా నేను బట్టలు మార్చుకోవడం తప్ప ఏం చేయలేదు అంటాడు కదా, ఆ మాటకి.

తెరచాటు
ఆదివారం, ఉదయం 10:05

కత్తెరపని బాబూ, బాగా చెప్పావు. ఆ బట్టల మాట గోర్కీదే. నాటకం నాలుగో అంకంలో బేరన్ అంటాడు. మేము పరిషత్తు నాటకాలు ఆడే రోజుల్లో మా గురువుగారు ఈ నాటకాన్ని పాఠంలా చెప్పేవారు, అందుకని కాస్త గుర్తుంది.

పాతరీళ్ళు గారి బాధ నాకు అర్థమైంది. నాటకంలో బేరన్ అప్పటికే పడిపోయినవాడు. మూల కూర్చున్న పది మందిలో ఒకడు. అతను ఎలా పడ్డాడో మనం చూడం. సినిమాలో దాదాపు మొదటి మూడో వంతు రెన్వార్ బృందం కొత్తగా అల్లినదే: జూదం, అప్పులవాళ్ళు, జీతం రాని నౌకరు, దొంగతనానికి వచ్చిన పెపెల్‌తో రాత్రంతా భోజనం, పేకాట. తెల్లారాక బేరన్ ఆ దొంగకి కంచు గుర్రాల బొమ్మ బహుమతిగా ఇస్తే, వాడు దాంతో పోలీసులకి దొరికిపోవడం. ఇవేవీ గోర్కీలో లేవు.

పోయిందేమిటంటే ముసలి లూకా, సత్రానికి వచ్చిన దేశదిమ్మరి. నాటకానికి ఇరుసు ఆయనే. ఓదార్చే అబద్ధం మంచిదా, కాల్చే నిజం మంచిదా అన్న వాదమంతా ఆయన చుట్టూ తిరుగుతుంది. సినిమాలో లూకా ఉన్నాడు గానీ చిక్కిపోయాడు. సత్రంలోనే ఉండే సాతిన్ చెప్పే ‘మనిషి! ఎంత గర్వంగా వినిపిస్తుంది ఆ మాట!’ అన్న ఉపన్యాసానికి ఇక్కడ చోటే లేదు. 1902లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆ సాతిన్ వేషం స్టానిస్లావ్‌స్కీ వేశాడు. నాటకం వేసేముందు నటులంతా ఖిత్రోవ్ బజారు అనే చోటికి, దొంగలూ తాగుబోతులూ తలదాచుకునే సత్రాలకి వెళ్ళి చూసి వచ్చారు. అంత పట్టుదలగా తెచ్చిన మురికిని రెన్వార్ కడిగేశాడని అనిపించడం సహజమే. నాకూ మొదట అలాగే అనిపించింది.

చిన్నిప్రశ్న
ఆదివారం, ఉదయం 11:20

నేను కొత్త, తప్పుగా అనుకోకండి. ఫిల్మ్ సొసైటీలో స్నేహితురాలు చూపించింది. నాకు అర్థం కానిది వేరే. ఇది రష్యానా, ఫ్రాన్సా? రూబుళ్ళు అంటారు, పేర్లు రష్యావి. కానీ నది ఒడ్డు, తోటలో హోటల్, బ్యాండు, గాబాఁ మాట్లాడే తీరు అంతా పారిస్ శివార్లలా ఉంది. పొరపాటా, కావాలనా?

నిద్రలేమి
ఆదివారం, సాయంత్రం 6:40

కావాలనే. మంచి ప్రశ్న.

నిర్మాత కామెంకా రష్యా నుంచి వచ్చి ఫ్రాన్స్‌లో స్థిరపడినవాడు. ఆయన అల్బాత్రోస్ సంస్థే విప్లవం తర్వాత పారిస్ చేరిన రష్యన్ సినిమావాళ్ళది. మొదటి స్క్రిప్టు రాసినవాళ్ళలో ఒకరు జమ్యాతిన్. అవును, ‘మేము’ నవల రాసిన జమ్యాతినే. 1931లో స్టాలిన్‌కి ఉత్తరం రాసి, గోర్కీ మాట సాయంతో దేశం దాటాడు. 1937 మార్చిలో పారిస్‌లో పోయాడు, అంటే ఈ సినిమా వచ్చిన మూడు నెలలకే. ఆయనా కొంపనీజూ రాసినదాన్ని తర్వాత షార్ల్ స్పాక్, రెన్వార్ కలిసి తిరగరాశారు. గోర్కీ కూడా 1936 జూన్‌లోనే పోయాడు, సినిమా చూడనేలేదు.

రెన్వార్ చేతికి వచ్చేసరికి టీ నీళ్ళు కాచే సమోవార్లు, గడ్డాలు, బొచ్చు టోపీల రష్యా తీయొచ్చు. తీయలేదు. పేర్లూ రూబుళ్ళూ ఉంచి మనుషుల్ని మాత్రం తనకి తెలిసిన నది ఒడ్డుకి తెచ్చుకున్నాడు. ఎక్కడిదీ కాని దేశం ఒకటి తయారైంది.

ఇక గడ్డి సంగతి. 1936 మేలో వామపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ ఎన్నికల్లో గెలిచింది, జూన్‌లో లియోఁ బ్లూమ్ ప్రభుత్వం వచ్చింది. అప్పటికే ఫ్యాక్టరీల్లో సమ్మెలు, కార్మికులు లోపలే కూర్చుని అకార్డియన్ వాయించుకుంటూ ఆక్రమించిన సమ్మెలు. జూన్‌లోనే వారానికి 40 గంటల పని, ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు చట్టాలయ్యాయి. సెలవు మీద వెళ్ళేవాళ్ళకి రైలు టికెట్‌లో 40 శాతం తగ్గింపు ఇచ్చారు. ఫ్రాన్స్‌లో లక్షల మంది కార్మికులు పగటిపూట, జీతం కోసుకోకుండా, నది ఒడ్డున ఒళ్ళు వాల్చడం అదే మొదటిసారి.

ఆ ఎండాకాలంలోనే రెన్వార్ ఇంకో సినిమా తీస్తున్నాడు: నది, పడవ, గడ్డి, ఒక మధ్యాహ్నం. వానలు పడి అది ఆగిపోయింది. దాన్ని సగంలో వదిలేసి వచ్చి మొదలుపెట్టిందే మన ‘లే బా ఫాఁ’. ఆ వదిలేసిన సినిమా పదేళ్ళ తర్వాత 1946లో గానీ విడుదల కాలేదు. కాబట్టి బేరన్ పడుకున్న గడ్డి మీద ఆ ఏటి తడి ఉంది. పిక్నిక్కే అది పాతరీళ్ళు గారూ. అప్పటికి పిక్నిక్ అంటే రాజకీయం.

పాతరీళ్ళు
ఆదివారం, రాత్రి 9:10

సెలవు సంగతి తెలుసు గానీ ఈ సినిమాకి ముడిపెట్టుకోలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. జీతంతో సెలవు దొరికిన ఫ్యాక్టరీ మనిషి వేరు, సత్రంలో పడక అద్దె కట్టలేనివాడు వేరు. వీడికి సెలవెక్కడిది, జీతమే లేకపోతే? కార్మికుడి గడ్డి తెచ్చి బికారి కింద పరిచాడు రెన్వార్.

షార్జాబస్సు
ఆదివారం, రాత్రి 11:35

అన్నా, నేను ఎక్కువ సినిమాలు చూసినవాడిని కాదు. ఈ గ్రూపులో చదవడమే ఎక్కువ. మీ గొడవ చూసి, రెండు గంటలు లేదు కదా అని, ఇవాళ కూర్చుని చూశాను. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో, ఆపి ఆపి చదువుకున్నాను.

నేను తొమ్మిదేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాను. మాది జగిత్యాల వైపు. రూముకి పన్నెండు మంది. మంచాలు రెండంతస్తులవి. ఎవడి మంచానికి వాడు దుప్పటి అడ్డం కట్టుకుంటాడు, అదే ఇల్లు. మంచం కింద పెట్టె, అదే ఆస్తి. నైట్ డ్యూటీ వాడు పగలు పడుకుంటాడు, డే డ్యూటీ వాడు రాత్రి పడుకుంటాడు, లైటు స్విచ్ దగ్గర రోజూ పంచాయితీ. ఈ సినిమాలో ఆ సత్రం చూడగానే ముక్కుకి వాసన తగిలింది, నిజంగా. తడి బనీను, ఉల్లిగడ్డ, పాదాల మందు.

మా రూములో ఒక బేరన్ ఉండేవాడు. పేరు చెప్పను. ఊళ్ళో రైస్ మిల్లు నడిపినవాడు. పేకాటలోనే పోయింది, ఈ సినిమాలో లాగే. మాతోపాటు సెంట్రింగ్ కర్రలు మోసేవాడు. కానీ గురువారం రాత్రి ఇస్త్రీ పెట్టె అడిగి తీసుకుని, కింద దుప్పటి మడత పరిచి, తెల్ల చొక్కా ఒక్కటే ఒకటి గంటసేపు ఇస్త్రీ చేసేవాడు. కాలర్ వెనక, చేతుల మడత, బొత్తాల మధ్య, అన్నీ. శుక్రవారం అది వేసుకుని షార్జాలో రోలా దగ్గర గడ్డిలో వచ్చి కూర్చునేవాడు. మేమందరం అక్కడే కూర్చునేవాళ్ళం, వందల మంది. ఇంటికి ఫోన్లు, చెనిక్కాయలు, ఊరి ముచ్చట్లు.

ఒకసారి కంపెనీ రెండు నెలలు జీతం ఆపింది. (కంపెనీ పేరెందుకు లెండి ఇప్పుడు.) ఆ శుక్రవారం కూడా గడ్డిలో కూర్చున్నాం. ఆ రోజు మేము నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు. ఎందుకు నవ్వామో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మిల్లు ఆయనైతే ఆ చొక్కాతోనే వెల్లకిలా పడుకుని, ‘ఇగ పోయేది ఏం లేదురా, మస్తు నిద్ర పడుతుంది’ అన్నాడు.

కాబట్టి జీతం లేనివాడికి గడ్డి ఎక్కడిది అని మీరు అడిగారు కదా అన్నా. ఉంటది.

పాతరీళ్ళు
సోమవారం, ఉదయం 7:02

షార్జాబస్సు తమ్ముడూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ధన్యవాదాలు.

తెరచాటు
సోమవారం, ఉదయం 9:48

ఆ ఇస్త్రీ చొక్కా ఒక్కటి చాలు. నాకు ఆ ముక్క స్టేజి మీద కావాలి. అనుమతి ఇస్తావా నాయనా?

షార్జాబస్సు
సోమవారం, మధ్యాహ్నం 1:15

తీసుకోండి సార్. ఊరి పేరు మార్చండి చాలు.

చిన్నిప్రశ్న
సోమవారం, మధ్యాహ్నం 3:30

అన్నా, మీ పోస్ట్ చాలా బాగుంది. కానీ నేను ఒక మాట అంటాను, కోప్పడకండి. ఆ నత్త సీన్‌లో గడ్డిలో ఉన్నది ఇద్దరు మగాళ్ళే. నతాషా ఎక్కడుంది అప్పుడు? సత్రంలో అక్కా బావల కింద పనిమనిషిలా చాకిరీ చేస్తోంది. జీతం లేదు, సెలవూ లేదు. ఆమెని లావుపాటి పోలీసు ఇన్‌స్పెక్టర్‌కి కట్టబెడదామని చూస్తున్నారు, ఎందుకంటే ఆ సత్రం యజమాని కస్తిల్యోవ్ దొంగ సొత్తు కొంటాడు, పోలీసు ఇంటివాడైతే భయం ఉండదు. నతాషా బయటికి వచ్చి నలుగురిలో కూర్చునేది ఆ తోట హోటల్లో. అదీ ఇన్‌స్పెక్టర్ పక్కన, కొత్త బట్టల్లో, తాగించిన మత్తులో.

ఆ సీన్ చూస్తుంటే నాకు కడుపులో తిప్పింది. చుట్టూ బ్యాండు, చెట్లు, నవ్వులు. అంటే అదే పిక్నిక్. అదే గడ్డి ఆమెకి బోను.

కత్తెరపని
సోమవారం, సాయంత్రం 5:55

చెల్లెమ్మా, ఇది నేను పట్టుకోలేదు, ఒప్పుకుంటున్నా. ఆ తోట హోటల్ సీన్‌కి ఇంకో సంగతి చేర్చు. రెన్వార్ వాళ్ళ నాన్న చిత్రకారుడు ఒగుస్త్ రెన్వార్. నది పక్క హోటళ్ళు, టోపీలు, వైన్ గ్లాసులు, ఎండా నీడల మధ్య నవ్వే మనుషుల్ని బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నవాడు. కొడుకు అదే దృశ్యాన్ని తెర మీద పెట్టి, మధ్యలో అమ్ముడుపోతున్న ఒక పిల్లని కూర్చోబెట్టాడు. నాన్న బొమ్మలోకి చీకటి తెచ్చాడన్నమాట. పెపెల్ వచ్చి ఆ ఇన్‌స్పెక్టర్‌ని ఒక్కటి పీకేదాకా నాకూ ఊపిరాడలేదు.

తెరచాటు
సోమవారం, రాత్రి 8:20

నతాషా గురించి పాప అడిగింది కాబట్టి చెప్పాలి. నాటకంలో ఆమె గతి ఇంకా ఘోరం. అక్క వసిలీస మరుగుతున్న సమోవార్ ఆమె కాళ్ళ మీద ఒంపేస్తుంది. ఆ గొడవలో పెపెల్ చేతిలో కస్తిల్యోవ్ చస్తాడు. అప్పుడు నతాషా ఏమంటుందో తెలుసా? పెపెల్, మా అక్క కలిసి చేయించారు, ఇద్దర్నీ పట్టుకోండి అని అరుస్తుంది. ప్రేమించినవాణ్ణే నమ్మదు. ఎన్ని దెబ్బలు తిన్న ప్రాణం నమ్ముతుంది చెప్పండి? ఆ తర్వాత ఆమె ఏమైందో కూడా తెలియదు.

రెన్వార్ అక్కడ కథ తిప్పాడు. కస్తిల్యోవ్ మీదికి సత్రమంతా ఎగబడుతుంది. ఎవడు చంపాడంటే అందరం చంపాం అంటారు. పెపెల్ జైలుకి వెళ్ళి వస్తాడు, నతాషా బయట ఎదురుచూస్తుంది. ఆ గుంపు దెబ్బ కూడా నిద్రలేమి గారు చెప్పిన 1936 దెబ్బే అని ఇప్పుడు అనిపిస్తోంది.

నిద్రలేమి
సోమవారం, రాత్రి 10:30

అవును మాస్టారూ. అదే ఏడాది మొదట్లో వచ్చిన రెన్వార్ సినిమా ‘ద క్రైమ్ ఆఫ్ మిస్టర్ లాంజ్’లో కూడా ఒక దుర్మార్గపు యజమాని చస్తాడు, చంపినవాణ్ణి సామాన్యులే న్యాయం తీర్చి సరిహద్దు దాటిస్తారు. ఒక స్త్రీ, ఒక పురుషుడు నడిచి వెళ్ళిపోతారు. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అన్నట్టు, రోడ్డు మీద నడిచిపోయే ఆ ఆఖరి షాట్ చూస్తే చాప్లిన్ ‘మోడర్న్ టైమ్స్’ గుర్తు రాకుండా ఉండదు. అదీ 1936దే.

పాతరీళ్ళు
సోమవారం, రాత్రి 11:18

మరి నటుడి సంగతి? తాగుబోతు నటుడు. అతని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు ఈ సినిమాలో నచ్చిన ఒకే ఒక్కడు. ‘నా శరీరం మొత్తం మద్యంతో విషమైపోయింది’ అని గర్వంగా, డైలాగులా చెప్తూ తిరుగుతాడు. తాగుడు మాన్పించే ఉచిత ఆస్పత్రి ఒకటుందని లూకా చెప్తే పిల్లాడిలా నమ్ముతాడు. చివరికి ఉరేసుకుంటాడు.

నాటకం సరిగ్గా అక్కడే ముగుస్తుంది. అందరూ పాట పాడుకుంటుంటే బేరన్ వచ్చి నటుడు ఉరేసుకున్నాడని చెప్తాడు. సాతిన్ అంటాడు: పాట పాడుచేశాడు, వెధవ. తెర. నా డిగ్రీ రోజుల్లో ఆ ఆఖరి మాట చదివి పుస్తకం మూసి బయట అరుగు మీద కూర్చుండిపోయాను. రెన్వార్ ఆ చావు చూపించి కూడా దాని మీద ఆగడు. ప్రేమికుల్ని రోడ్డెక్కించేస్తాడు. ఆ ఒక్కదానికీ నేను క్షమించలేను.

కత్తెరపని
మంగళవారం, ఉదయం 8:12

ఆ నటుడి వేషం వేసినవాడు రోబేర్ ల విగాఁ. పెద్ద నటుడే. యుద్ధంలో నాజీల వైపు నిలబడ్డాడు, యుద్ధం అయ్యాక 1946లో పదేళ్ళ కఠిన శిక్ష పడింది, తర్వాత అర్జెంటీనా వెళ్ళిపోయి 1972లో అక్కడే చనిపోయాడు. సినిమాలో అతను మార్బుల్ ఆస్పత్రి గురించి కలలు కనే సీన్ ఇప్పుడు చూస్తుంటే మనసు రెండు రకాలుగా లాగుతుంది. జాలి పడాలా వద్దా తెలియదు.

మీ క్షమాపణ సంగతి మీ ఇష్టం. కానీ ఆ చావు మీద ఆగి ఏడవకపోవడమే నాకు సత్రం పద్ధతిగా కనపడింది. మంచం ఖాళీ అయితే ఇంకొకడు వస్తాడు.

షార్జాబస్సు
మంగళవారం, మధ్యాహ్నం 12:40

అవునన్నా. మా క్యాంపులో ఒకడు అలాగే పోయాడు. రెండో రోజుకి ఆ మంచం మీద బీహార్ పిల్లగాడు పడుకున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంకేం రాయను దాని గురించి.

నిద్రలేమి
మంగళవారం, సాయంత్రం 7:05

చావు మీద ముగించిన ‘అట్టడుగు’ కావాలంటే పాతరీళ్ళు గారికి జపాన్ దర్శకుడు కురొసావా ఉన్నాడు. 1957లో అదే నాటకాన్ని ఎడో కాలపు, అంటే పాత సమురాయ్‌ల రోజుల జపాన్‌కి తీసుకెళ్ళాడు. దొంగగా తొషిరో మిఫూనే, ఇంటి యజమానురాలిగా ఇసుజు యమదా. దాదాపు అంతా ఆ వాలిపోయిన గుడిసెలోనే, దాని వాకిట్లోనే. చివర్లో అందరూ నోటితోనే వాయిద్యాలు వాయిస్తూ, చిందులేస్తూ ఉంటారు. ఉరి వార్త వస్తుంది. ఒకడు కెమెరా వైపు తిరిగి, మంచి పాట పాడుచేశాడు అంటాడు. టక్కుమని ముగుస్తుంది. గోర్కీకి విధేయత అంటే అదీ.

నాకు రెండూ కావాలి. కురొసావా గుడిసెలో ఎవరికీ తలుపు లేదు. రెన్వార్ తలుపు పెట్టాడు, ఇద్దర్నే బయటికి పంపాడు.

ఇంకో కొమ్మ మన దేశంలో ఉంది. చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’ 1946లో కాన్ (కేన్స్) సినిమా పండగ మొదటిసారి జరిగినప్పుడే పెద్ద బహుమతి గ్రాఁ ప్రీ అందుకున్న సినిమాల్లో ఒకటి. దానికీ ప్రేరణ ఈ నాటకమే అంటారు, కానీ కథ పూర్తిగా వేరు: కొండ మీది షావుకారు, కింద పేట, మురుగు కాలువ. రవిశంకర్ సంగీతం. ‘లే బా ఫాఁ’కి కూడా ఇలాంటి మొదటి బోణీ ఒకటుంది. లూయీ దెలుక్ పేరుతో ఫ్రాన్స్‌లో పెట్టిన బహుమతి మొట్టమొదట దీనికే వచ్చింది.

తెరచాటు
మంగళవారం, రాత్రి 9:30

బహుమతుల సంగతి పక్కన పెడితే, జువే గురించి ఒక స్టేజి మనిషిగా చెప్పాలి. ఆయన ప్రధానంగా రంగస్థలం మనిషి. 1934 నుంచి పారిస్‌లో అతెనే థియేటర్ నడిపాడు. గాబాఁ సంగీత నాటకాల్లో పాడుతూ ఆడుతూ పైకొచ్చినవాడు. ఒకాయన మాటలో ప్రతి అక్షరం కొలిచి పలుకుతాడు. ఇంకొకడు మాటని జేబులోంచి తీసి పడేసినట్టు మాట్లాడతాడు. దొంగతనానికి వచ్చిన రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారే, ఆ సీన్ కథ లేకుండా వినండి, గొంతులు మాత్రమే. బేరన్ గొంతు కొంచెం కొంచెంగా సడలుతుంది. దొంగ గొంతు కొంచెం కొంచెంగా మర్యాద నేర్చుకుంటుంది. ఎక్కడో మధ్యలో ఇద్దరూ కలుస్తారు. దీన్ని రాసి పెట్టలేం, దర్శకుడు చెప్పీ రాబట్టలేడు. ఇద్దరు నటులు ఒకరినొకరు వినాలి.

పాతరీళ్ళు
బుధవారం, ఉదయం 6:50

రాత్రి మళ్ళీ పెట్టాను. మొత్తం కాదు. మొదటి సీన్, భోజనం సీన్, నత్త సీన్, తోట హోటల్.

షార్జాబస్సు తమ్ముడు చెప్పిన చొక్కా మనసులో పెట్టుకుని చూస్తే నత్త సీన్‌లో ఒకటి కనబడింది. బేరన్ అంత హాయిగా పడుకున్నా చెయ్యి మాత్రం హాయిగా లేదు. ఆ నత్త జారిపోకుండా వేలు ఎంత జాగ్రత్తగా తిప్పుతాడో! పేకముక్కలు పట్టుకున్నవాడి వేళ్ళు అవి. పందేనికి ఇంకేమీ మిగలక నత్తతో ఆడుతున్నాడు.

చిన్నిప్రశ్న అన్న మాట కూడా నిలబడింది. తోట హోటల్ రెండోసారి చూడలేకపోయాను, ఫార్వర్డ్ చేశాను. ఆఖరు విషయంలో నా మాట మార్చుకోను. నటుడికి ఇంకొక్క నిమిషం ఇవ్వాల్సింది. కానీ ‘పేదరికాన్ని దగ్గరగా చూసినవాడి సినిమా కాదు’ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

చిన్నిప్రశ్న
బుధవారం, ఉదయం 10:25

ఇలా వెనక్కి తీసుకున్నవాళ్ళని నేను ఇంటర్నెట్‌లో మొదటిసారి చూస్తున్నాను సార్ 🙂

మా ఫిల్మ్ సొసైటీలో వచ్చే నెల కురొసావాది వేస్తున్నాం. ఈ థ్రెడ్ ప్రింట్ తీసి గోడకి పెట్టొచ్చా?

మోడరేటర్
బుధవారం, ఉదయం 11:00

రాసినవాళ్ళకి అభ్యంతరం లేకపోతే పెట్టుకోండి. హెచ్చరికతో.

షార్జాబస్సు
గురువారం, రాత్రి 10:48

అన్నా, ఇవాళ ఆ మిల్లు ఆయన ఇంటికి పోయాను. మా ఊరికి ఇరవై కిలోమీటర్లు. ఇప్పుడు ఇంటి దగ్గరే చిన్న కిరాణా పెట్టుకున్నాడు. ఫోన్‌లో నత్త సీన్ చూపించాను. భాష తెలియదు కాబట్టి నేనే పక్కన కూర్చుని చెప్పాను, ఈయన పెద్ద దొర, అంతా పోయింది, ఇప్పుడు సత్రంలో ఉంటున్నాడు అని.

మొత్తం చూశాడు. ఏం అనలేదు కాసేపు. తర్వాత, ‘మరి వీడు మంచం కిరాయి కట్టిండా?’ అని అడిగాడు.

నాకు గుర్తు రాలేదు. ఎవరికైనా తెలుసా?

పాతరీళ్ళు
గురువారం, రాత్రి 11:30

కట్టినట్టు నేనైతే చూడలేదు తమ్ముడూ. ఆదివారం మళ్ళీ పెడతాను, ఈసారి ఆ ఒక్కదానికోసం.